డిటెక్షన్‌ను తెలుగులో ఏమనాలి?

సందేహం: ‘డిటెక్షన్’ అన్నదాన్ని పోలీసు వార్తల్లో ‘దర్యాప్తు’ అనీ, విజ్ఞాన వ్యాసాల్లో ‘గుర్తింపు’ అనీ రాస్తున్నారు. వీటిలో ఏది సరైనది? అన్నిచోట్లా ఒకే మాట వాడవచ్చునా?

సమాధానం: ఒకే మాట అన్నిచోట్లా ఒదగదు. ‘డిటెక్షన్’కు మూలమైన లాటిన్ క్రియకు కప్పి ఉన్నదాన్ని తొలగించడం అని అర్థం కాబట్టి, మరుగున ఉన్నది బయటపడడమే ఈ మాటకు సారం. వెతకడం అంతకు ముందు జరిగేది, రుజువు చేయడం ఆ తరువాత జరిగేది.

అందుకే ‘దర్యాప్తు’ ఇక్కడ పొసగదు. ఆధారాల కోసం సాగే శ్రమంతా దర్యాప్తే. అది ఏళ్ల తరబడి సాగినా నేరం చేసినవారెవరో తెలియకపోవచ్చు. తెలిసినప్పుడు మాత్రమే కేసు డిటెక్ట్ అయిందంటారు. పత్రికల్లో కనిపించే ‘కేసును ఛేదించారు’ అన్న ప్రయోగం నాకు ఇష్టం, చిక్కుముడి తెగిందన్న భావం అందులో ఉంది గనుక. అయితే ఛేదించినంత మాత్రాన నేరం రుజువైనట్టు కాదు. న్యాయస్థానం తేల్చేదాకా ఆ వ్యక్తి నిందితుడే గాని దోషి కాడు. ‘పోలీసులు దోషిని కనిపెట్టారు’ అని రాస్తే ఈ తేడా చెరిగిపోతుంది, ఒక మనిషి పరువుకు అన్యాయం జరుగుతుంది.

‘గుర్తింపు’తో చిక్కు వేరు. గుర్తించడమంటే ఇది ఫలానాదని పోల్చుకోవడం. గాజుపలక మీద పొడి చల్లినప్పుడు కంటికి కనబడని వేలిముద్ర తేలడం డిటెక్షన్. అది ఎవరి ముద్రో నిర్ణయించడం గుర్తింపు. న్యూట్రినో అనే అతిసూక్ష్మ కణం ఉండాలని భౌతికశాస్త్రవేత్త పౌలీ 1930లోనే ప్రతిపాదించాడు, కాని కోవన్, రైన్స్ అనే శాస్త్రవేత్తల ప్రయోగంలో దాని జాడ చిక్కింది 1956లో. ఇలాంటి చోట ‘ఉనికిని పసిగట్టడం’, ‘జాడ పట్టడం’ అన్నవే సహజమైన తెలుగు.

అన్నిటికంటే జాగ్రత్త అవసరమైనది ‘నాట్ డిటెక్టెడ్’ అన్న ప్రయోగశాల నివేదిక. దీన్ని ‘లేదు’ అని అనువదించడం తప్పు. ప్రతి పరీక్షకూ, ఇంతకంటే తక్కువ ఉంటే పట్టుకోలేనన్న హద్దు ఒకటి ఉంటుంది. నీటిలో సీసం కోసం పరీక్ష చేసి అలా రాశారంటే, సీసం బొత్తిగా లేదని కాదు, ఆ పరీక్షకు చిక్కేంత లేదని మాత్రమే. అక్కడ ‘జాడ దొరకలేదు’ అని రాసి, పక్కనే ఆ హద్దు ఎంతో కూడా తెలియజేయాలి.