నిషేధం మంచిదే అంటారు, నా గదిలోనే తాగుతారు!

ప్రశ్న: నాకు 22 ఏళ్లు. ఒంగోలులో హాస్టల్లో ఉండి పీజీ చేస్తున్నాను. చిన్నప్పటి నుంచీ ఆస్తమా ఉంది. బహిరంగ ప్రదేశాల్లో సిగరెట్ తాగకూడదనే నిబంధన ఉండాల్సిందేనని మా క్లాసులో దాదాపు అందరూ ఒప్పుకుంటారు. వాళ్లలోనే కొందరు రాత్రిపూట మా గదికొచ్చి తాగుతారు. 'కిటికీ తీశాం కదరా, నీకేమవుతుంది?' అంటారు. మర్నాడు నాకు పిల్లికూతలు మొదలవుతాయి. మాది కొండపి వైపు పొగాకు వేసే కుటుంబం. గట్టిగా మాట్లాడితే 'మీ పొగాకేగా' అని ఎగతాళి. ఏం చేయాలి?

జవాబు: కిటికీ తీస్తే ఘాటు తగ్గుతుంది, పొగ పూర్తిగా పోదు. ఫ్యాన్ వేస్తే గదంతా తిరుగుతుంది. పక్కవాళ్ల సిగరెట్ పొగ ఇంత వరకు పీల్చినా ఫర్వాలేదు అనే హద్దు లేదు. పొగలో వేల రసాయనాలుంటాయి, వాటిలో 70 దాకా క్యాన్సర్ కారకాలు. ఆస్తమా ఉన్నవారి శ్వాసనాళాలు ముందే వాచి ఉంటాయి కాబట్టి కాస్త పొగకే బిగుసుకుపోతాయి. వాళ్లు వెళ్లిపోయాక కూడా దుప్పట్లకూ కర్టెన్లకూ పట్టిన అవశేషాలు గదిలోనే ఉంటాయి.

మీ స్నేహితుల తీరు నాకు కొత్త కాదు. నిషేధం అనగానే ఈ వయసు వాళ్లకు బస్టాండూ ఆసుపత్రీ గుర్తొస్తాయి, తమ హాస్టల్ గది గుర్తురాదు. మనవాళ్ల మధ్య ఏముందిలే అనుకుంటారు. కానీ విద్యాసంస్థల్లోనూ పొగ తాగకూడదు. 2003 నాటి పొగాకు నియంత్రణ చట్టం కింద తెచ్చిన నిబంధనలు 2008 అక్టోబర్ 2 నుంచి అమల్లో ఉన్నాయి, జరిమానా 200 రూపాయల వరకు. కాలేజీకి 100 గజాల లోపు సిగరెట్లు అమ్మడం కూడా నేరమే. గేటు పక్క బంకులు చూస్తే ఆ సంగతి ఎవరికీ తెలిసినట్టు ఉండదు, అది వేరే విషయం.

జరిమానా మాట ఎత్తితే గొడవవుతుంది. 'నాకు ఆయాసం వస్తోంది, గదిలో వద్దు' అని ఒంటి సంగతిగానే చెప్పండి. వినకపోతే వార్డెన్‌ని అడిగి గది మార్చుకోండి. మొహమాటపడొద్దు. 'మీ పొగాకేగా' అనే మాటకు జవాబు మీ ఇంట్లోనే ఉంది. తడిసిన పచ్చాకు విరిచే కూలీలకు చర్మం గుండా నికోటిన్ ఎక్కి వాంతులు, కళ్లు తిరగడం వస్తాయి. పండించే ఇంటివాళ్లకే దాని సంగతి బాగా తెలుసు.

ఇక మీ మందుల గురించి. ఆయాసం వచ్చినప్పుడు వాడే ఇన్‌హేలర్ వారంలో రెండుసార్లకు మించి అవసరమవుతోందంటే ఆస్తమా అదుపులో లేనట్టే. రోజూ వాడే నివారణ ఇన్‌హేలర్ కోసం ఛాతీ వైద్యుడిని కలవండి, ఊపిరితిత్తుల పనితీరు చూసే స్పైరోమెట్రీ పరీక్ష చేయించుకోండి. మాట్లాడలేనంత ఆయాసం వచ్చినా, పెదవులు నీలంగా మారినా, ఇన్‌హేలర్‌తో తగ్గకపోయినా వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఆ స్నేహితుల్లో మానాలనుకునేవాళ్లుంటే ఉచిత క్విట్‌లైన్ నంబర్ ఇవ్వండి: 1800 11 2356. నికోటిన్ గమ్ కూడా పనికొస్తుంది, కానీ మామూలు చూయింగ్ గమ్‌లా నమిలేయకూడదు. కాసేపు నమిలి, ఘాటు తగలగానే బుగ్గన పెట్టుకోవాలి.