ఐరిష్ ఓరల్‌కు 240 మార్కులు: ఇంట్లో ఎవరికీ ఆ భాష రాకపోతే ఎలా?

ప్రశ్న: ఎనిమిదేళ్ల కిందట విజయవాడ నుంచి డబ్లిన్ వచ్చాం. అప్పటికి మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. ఇప్పుడు సిక్స్త్ ఇయర్, అంటే సెకండరీ స్కూలు ఆఖరి ఏడాది. వచ్చే జూన్‌లో లీవింగ్ సర్టిఫికేట్, స్కూలు చదువు ముగిసే పరీక్షలు. మిగతా సబ్జెక్టులు బాగానే చదువుతుంది కానీ ఐరిష్ ఓరల్, అంటే మాట్లాడే పరీక్ష, అంటేనే వణికిపోతోంది. ఇంట్లో మాకెవరికీ ఆ భాష ఒక్క ముక్క రాదు. ట్యూషన్‌లో ఇచ్చిన పేజీలు బట్టీ పడుతోంది, మధ్యలో ఏదైనా అడిగితే ఆగిపోతోంది. కష్టమైన హయ్యర్ లెవెల్ వదిలేసి తేలికైన ఆర్డినరీకి మారమనాలా? ఈస్టర్‌లోగా ఏం చేయించాలి?
- ఒక తల్లి, డబ్లిన్

జవాబు: లెవెల్ మార్చే మాట ఇప్పుడే ఎత్తకండి. హయ్యర్‌కైనా ఆర్డినరీకైనా ఓరల్ ఒక్కటే. ఏ లెవెల్ పేపర్ రాయాలన్నది జూన్‌లో రాతపరీక్ష నాటి సంగతి.

ముందు లెక్క చూడండి. ఐరిష్‌కు మొత్తం 600 మార్కులు. అందులో ఓరల్‌కే 240, అంటే 40 శాతం. విని రాసే పరీక్షకు 60, మిగిలిన 300 రాతకు. మీ అమ్మాయి ఓరల్‌లో 190 తెచ్చుకుందనుకుందాం. హయ్యర్‌లో హెచ్4 గ్రేడుకు 60 శాతం, అంటే 360 కావాలి. ఇక మిగిలిన 360 మార్కుల్లో 170 వస్తే చాలు, సగం కూడా అక్కర్లేదు. హెచ్4కు సీఏఓ (కాలేజీ సీట్లు కేటాయించే సంస్థ) లెక్కలో 66 పాయింట్లు. ఆర్డినరీలో 90 శాతం దాటి ఓ1 తెచ్చుకున్నా వచ్చేవి 56 పాయింట్లే. హయ్యర్‌లో 50 శాతంతో వచ్చే హెచ్5కూ అవే 56. ఓరల్ బాగా చేసినవాళ్లకు హయ్యర్ అంత భయపెట్టదు. అందుకే ఈస్టర్ దాకా దృష్టంతా ఓరల్ మీదే పెట్టించండి.

ఐరిష్ చదవకుండా మినహాయింపు పొందే సంగతీ చెబుతాను, మనవాళ్లు తరచూ అడిగేది అదే. బయటి నుంచి వచ్చారన్న కారణంతో అయితే, పన్నెండేళ్లు వచ్చేదాకా, లేదా ప్రైమరీ పూర్తయ్యేదాకా ఐర్లండ్ బయట చదువుకుని, అక్కడ ఐరిష్ నేర్చుకునే వీలు లేకపోయిన పిల్లలకే ఆ దారి ఉంది. తొమ్మిదేళ్లకే వచ్చిన మీ అమ్మాయికి ఆ కారణంతో రాదు. రాకపోవడం నష్టమేమీ కాదు. ప్రైమరీ టీచర్ కావాలంటే ఐరిష్‌లో హెచ్4 తప్పనిసరి. 2007 నుంచి ఐరిష్ యూరోపియన్ యూనియన్ అధికార భాషల్లో ఒకటి. 2022 నుంచి అక్కడ మిగతా భాషలతో సమానంగా పూర్తి స్థాయిలో వాడుతున్నారు, కాబట్టి అనువాదకుల అవసరం ఉంది. 2030 చివరికల్లా ప్రభుత్వ ఉద్యోగాల్లో కొత్తగా చేరేవారిలో 20 శాతం మందికి ఐరిష్ వచ్చి ఉండాలని 2021 చట్టం లక్ష్యం పెట్టింది. భాష పూర్తిగా చేతికొస్తే తలుపులు చాలానే ఉన్నాయి.

ఇక పరీక్ష. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ ఒక్కొక్కరినీ 13 నుంచి 15 నిమిషాలు మాట్లాడిస్తారు. అంతా రికార్డు అవుతుంది. 2022 నుంచి దీన్ని ఈస్టర్ సెలవుల మొదటి వారంలో పెడుతున్నారు. పలకరింపుకు 5 మార్కులు, కవిత చదవడానికి 35, బొమ్మల వరుసకు 80, సంభాషణకు 120. సంభాషణను ఐరిష్‌లో ‘కోరా’ అంటారు. సగం మార్కులు దానివే. మీ అమ్మాయి ఆగిపోతున్నదీ అక్కడే కాబట్టి ముందు దాన్నే చూద్దాం.

బట్టీ పట్టిన పేజీ గొలుసులాంటిది. మొదటి వాక్యం రెండోదాన్ని లాక్కొస్తుంది, రెండోది మూడోదాన్ని. ఎగ్జామినర్‌కు అప్పగింత వినే ఓపిక ఉండదు, మధ్యలో ప్రశ్న వేస్తారు. గొలుసు అక్కడ తెగుతుంది. పిల్ల బుర్ర తర్వాతి వాక్యం కోసం వెతుకుతుంటుంది, అడిగింది చెవికెక్కదు. ఇది తెలివికి సంబంధించిన లోపం కాదు, తయారీలో లోపం. ఆ పేజీలు పారేయనక్కర్లేదు. ఒక్కో పేజీని మూడేసి వాక్యాల ముక్కలుగా కోసి, ముక్కకో కార్డు రాయించండి. కార్డులు కలిపేసి, ఏది చేతికొస్తే దానితో మొదలుపెట్టాలి. ఏ ముక్క అయినా ముందువెనకలు లేకుండా దానంతట అది నిలబడితే మధ్యలో ఎవరు అడ్డొచ్చినా ఇబ్బంది ఉండదు.

తర్వాతి పని, ఒక్కో అంశాన్నీ నాలుగు కాలాల్లో తిప్పడం. గతం, రోజూ జరిగేది, భవిష్యత్తు, ‘అయితే గియితే’ అనే షరతు రూపం. ఈ షరతు రూపాన్ని ‘మో కొన్యీలఖ్’ అంటారు, ఐర్లండ్ పిల్లలందరికీ గుండెదడ పుట్టించేది ఇదే. మీ అమ్మాయి దగ్గర తరగతిలో ఇంకెవరి దగ్గరా లేని అంశం ఒకటుంది. ‘లౌరీమిజ్ తెలగూష్ స వల్యె’, అంటే ఇంట్లో తెలుగు మాట్లాడుకుంటాం. ఈ ఒక్క వాక్యం పడగానే ఎగ్జామినర్ ఏం అడుగుతారో దాదాపు ముందే తెలిసిపోతుంది. ఇండియా ఎప్పుడు వెళ్లావు? అది గతం: ‘ఖూయ్ మే గో జీ అన్ ఇండియా’, ఇండియాకు వెళ్లాను. ఇంట్లో పండగలప్పుడు ఏం చేస్తుంటారు? అది అలవాటు. మళ్లీ వెళతావా? ‘రఖీ మే’, వెళతాను. అక్కడే ఉండిపోవాల్సి వస్తే? అది షరతు: ‘బ వ్రా లుమ్’, నాకెంతో ఇష్టంగా ఉంటుంది. అక్కడి నుంచి రెండు భాషల మధ్య పెరగడం, ఐరిష్ భాష పరిస్థితి లాంటి బరువైన విషయాల్లోకి మాట తానే వెళుతుంది. హయ్యర్ పిల్లల నుంచి కోరుకునేది అదే. ఇల్లు, ఊరు, స్కూలు, ఆటలు, సెలవులు, వచ్చే ఏడాది ఆలోచనలు, ఇళ్ల కొరత, సోషల్ మీడియా. వీటిలో ఒక్కోదాన్నీ ఇలాగే నాలుగు కాలాల్లో అల్లుకోవాలి.

క్రమం తప్పిన క్రియలు 11 ఉన్నాయి. వాటిలో పడే పొరపాటు ఒకటి దగ్గరగా చూడండి. ‘వెళ్లాను’ అంటే ‘ఖూయ్ మే’ అని అందరికీ వస్తుంది. ‘వెళ్లావా?’ అని అడిగితే మాత్రం మాట పూర్తిగా మారిపోయి ‘అన్ న్యఖ తూ?’ అవుతుంది. ‘ఖూయ్’ ఒక్కటే నేర్చుకున్న పిల్లకు అసలు ప్రశ్నే అర్థం కాదు. కాబట్టి ఈ 11 క్రియలకూ ప్రశ్న, అవును, కాదు మూడూ కలిపి నేర్చుకోవాలి: ‘అన్ న్యఖ తూ?’, ‘ఖూయ్’, ‘నీ యఖ’.

ఇక్కడ తెలుగు పిల్లలకు ఒక వీలుంది, ఎవరూ వాడుకోరు. ఐరిష్‌లో అవును, కాదు అనే మాటలు విడిగా లేవు, క్రియనే తిప్పి చెబుతారు. మనం ‘వచ్చావా?’ అంటే ‘వచ్చాను’ అనమూ? అలాగే. ఇంగ్లిష్‌లో ఒక వస్తువు ‘కలిగి ఉండడానికి’ క్రియ ఉంది, ఐరిష్‌లో లేదు. ‘తా మద్ర అగమ్’ అంటే నా దగ్గర కుక్క ఉంది. ‘తా ఒక్రస్ ఒరమ్’ అంటే ఆకలి నా మీద ఉంది, మన ‘నాకు ఆకలిగా ఉంది’కి పక్కింటి మాట. ఇంగ్లిష్‌లో వాక్యం కూర్చుకుని ఐరిష్‌లోకి మార్చే పిల్లలు వీటి దగ్గరే తప్పుతారు. తెలుగు మీదుగా వెళితే దారి దగ్గర. ఒక్క తేడా మాత్రం గట్టిగా పట్టుకోవాలి. మన క్రియ చివర ఉంటే వాళ్లది మొదట ఉంటుంది.

ఉచ్చారణలోనూ ఇంతే. అచ్చుల మీద గీత పెడితే దాన్ని ‘ఫాదా’ అంటారు. అది మన దీర్ఘమే. కలానికీ కాలానికీ తేడా తెలిసిన నాలుకకు అది కొత్త కాదు, రాసేటప్పుడే కాక చదివేటప్పుడూ పట్టించుకుంటే చాలు. ‘తా’ అన్నప్పుడు నాలుక పళ్లకు తగలాలి, మన ‘త’లా. ‘టా’ అనకూడదు. గొంతులోంచి వచ్చే ‘ఖ’ను ఒత్తు ‘ఖ’లా కాకుండా హైదరాబాద్ ఉర్దూలో ‘ఖబర్’ అన్నట్టు గీరుతూ పలకాలి. మాట మొదట్లో అక్షరాలు మారడం అసలు చిక్కు. డబ్లిన్‌కు ఐరిష్ పేరు బీతో మొదలవుతుంది. ‘డబ్లిన్‌లో’ అని రాసేటప్పుడు దాని ముందు ఎమ్ చేరి రెండూ పక్కపక్కన ఉంటాయి, పలికేది ఒక్క ‘మ’నే. బీ పక్కన హెచ్ చేరితే ‘వ’. ఎఫ్ పక్కన హెచ్ చేరితే ఎఫ్ పూర్తిగా మాయం. పరీక్షలో మొదటి నిమిషంలోనే ఊరి పేరు చెప్పాలి కాబట్టి ఇది సరిగ్గా పలికితే మంచి ముద్ర పడుతుంది. తెలుగు లిపిలో రాసుకోవడం మొదటి రెండు వారాల ఆసరా మాత్రమే. ఆ తర్వాత చెవితోనే నేర్చుకోవాలి. టీజీ4 ఛానల్, రైజియో నా గేల్‌తఖ్త రేడియో రోజూ పావుగంట పెట్టుకోవాలి. ఉత్తరాన అల్‌స్టర్, పడమట కానాక్ట్, దక్షిణాన మన్‌స్టర్, మూడు యాసలున్నాయి. ‘ఎలా ఉన్నావు?’ అన్నదే మూడు రకాలుగా వినిపిస్తుంది: ‘గుజే మర్ అతా తూ’, ‘కే ఖీ విల్ తూ’, ‘కొనస్ అతా తూ’. మాట్లాడడానికి ఒక యాస చాలు, అర్థం చేసుకోవడానికి మూడూ రావాలి.

కవితల సంగతి తేలిక. నిర్ణయించిన 5 కవితల్లో ఎగ్జామినర్ చెప్పిన భాగం చూసి చదవాలి. వివరణ అడగరు. టీచర్ చేత చదివించి రికార్డు చేసుకుని, రోజుకొకటి వినాలి, వెంట చదవాలి. పలకని అక్షరాల కింద పెన్సిల్‌తో గీత గీసుకుంటే 35 మార్కుల్లో ఎక్కువ భాగం చేతిలో ఉన్నట్టే.

బొమ్మల వరుస అంటే ఒక కథ చెప్పే ఆరు బొమ్మల పేజీ. బోర్లా పెట్టిన వాటిలోంచి ఒకటి తీయాలి, ఏది వస్తుందో తెలియదు. ఒకప్పుడు ఇవి 20 ఉండేవి, కోవిడ్ కాలంలో తగ్గించారు. పాత నోట్సుల్లో ఇప్పటికీ 20 కనిపిస్తాయి, వాటితో వారాలు వృథా కాకుండా ఈ ఏడాది జాబితా టీచర్ని అడిగి తీసుకోండి. బొమ్మకు నాలుగైదు వాక్యాలు, మొత్తం నాలుగు నిమిషాలు. ప్రతి బొమ్మకూ ‘ఇక్కడ ఒక అబ్బాయి కనిపిస్తున్నాడు’ అని మొదలెట్టడం పెద్ద తప్పు. కథగా, గతకాలంలో చెప్పాలి. ఒక్కో వరుసకూ విడిగా వ్యాసం బట్టీ పట్టడం కన్నా అన్నింట్లోనూ పనికొచ్చే 30 క్రియలు గతకాలంలో నోటికి తెచ్చుకోవడం మేలు. బయల్దేరారు, ఫోన్ చేసింది, కోపమొచ్చింది, నిర్ణయించుకున్నారు, ఇంటికి తిరిగొచ్చారు లాంటివి. వారానికో వరుస. ఫిబ్రవరి నుంచి చీటీ తీసి ఏది వస్తే అది.

మీకు భాష రాకపోయినా మీరు చేయగలిగింది చాలా ఉంది. రోజూ రాత్రి పది నిమిషాలు, ఫోన్లో టైమర్ పెట్టి, ప్రశ్నలు తెలుగులో అడగండి: నిన్న సాయంత్రం ఏం చేశావు? స్కూల్లో ఏం మార్చాలనుంది? తను ఐరిష్‌లో జవాబివ్వాలి. అర్థం కాకపోయినా రెండు విషయాలు మీ చెవికి తెలుస్తాయి. మూడు సెకన్లు దాటిన మౌనం, మధ్యలో దొర్లిన ఇంగ్లిష్ మాట. ఆ రెండింటినీ కాగితం మీద గీతలుగా లెక్క పెట్టండి. వారం వారం గీతలు తగ్గుతున్నాయో లేదో చూడండి. కార్డు మధ్యలో ఉండగా కావాలనే అడ్డు తగలండి. ట్యూషన్ టీచర్‌తో నెలకు రెండుసార్లు పూర్తి 15 నిమిషాల నమూనా పరీక్ష పెట్టించి, రికార్డింగ్ తనే వినేలా చూడండి.

పలకరింపులో పేరు, చిరునామా, పుట్టిన తేదీ, పరీక్ష నంబరు అడుగుతారు. నంబరును ఒక్కో అంకె చొప్పున ఐరిష్‌లో చదవడం ముందే సాధన చేయాలి, చాలామంది ఇక్కడే తడబడి ఆ కంగారు కవిత దాకా మోస్తారు. ప్రశ్న అర్థం కాకపోతే మౌనంగా ఉండకూడదు, ఇంగ్లిష్‌లో అసలే అడగకూడదు. ‘గౌ మో లెష్‌కేల్, నీ హిగిమ్’, క్షమించండి, అర్థం కాలేదు, అంటే ఎగ్జామినర్ ప్రశ్నను మార్చి అడుగుతారు. ఆ మాట ఆలోచించకుండా నోట్లోంచి వచ్చేదాకా రోజూ ఆ పది నిమిషాల్లో రెండుసార్లైనా వాడించండి.