పందిరి వేయండి, వీలునామా మరవకండి

ప్రశ్న: మా అబ్బాయి హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. ఆరేళ్లుగా మరో అబ్బాయితో కలిసి ఉంటున్నాడు. మొదట్లో మాకు చాలా కష్టమనిపించింది కానీ ఇప్పుడు ఆ పిల్లవాడు కూడా మా ఇంటివాడే. పురోహితుణ్ని పిలిపించి మా పద్ధతిలో వాళ్లకు పెళ్లి చేయాలని నా కోరిక. అది నేరమనీ, మతం ఒప్పుకోదనీ మా బావగారు అంటున్నారు. ఫ్లాటు మా అబ్బాయి పేరున ఉంది, వాయిదాలు మాత్రం ఇద్దరూ కడుతున్నారు. అవతలి అబ్బాయి తల్లిదండ్రులకు ఇదేమీ ఇష్టం లేదు. చట్టం ఏమంటుంది?
- ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, ముందు ఆ భయం వదిలేయండి. ఇది నేరం కాదు. ఇద్దరు వయోజనులు ఇష్టపడి కలిసి ఉంటే అది నేరం కాదని 2018 సెప్టెంబరు 6న నవతేజ్ సింగ్ జోహార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన కొత్త నేర చట్టమైన భారతీయ న్యాయ సంహితలో, ఇలాంటి బంధాన్ని నేరంగా చూసిన పాత 377వ సెక్షనే లేదు. మీరు పందిరి వేసి, మంత్రాలు చదివించి, బంధువులకు భోజనాలు పెట్టినందుకు మీ మీద గానీ పురోహితుడి మీద గానీ కేసు ఉండదు.

అయితే ఆ పెళ్లిని చట్టం పెళ్లిగా లెక్కించదు. ఈ మాట రాయడం నాకు కష్టంగానే ఉంది. హైదరాబాద్‌లో ఉంటున్న ఒక జంట ముందుండి వేసిన కేసులో 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. పెళ్లి చేసుకోవడం ప్రాథమిక హక్కు కాదనీ, ప్రత్యేక వివాహ చట్టాన్ని ఈ జంటలకు వర్తింపజేయడం కోర్టు పని కాదనీ అయిదుగురూ అన్నారు. పెళ్లి కాకపోయినా ఆ బంధానికి ఏదో ఒక గుర్తింపు ఇవ్వాలని జస్టిస్ చంద్రచూడ్, జస్టిస్ కౌల్ రాశారు. మిగతా ముగ్గురు అందుకు ఒప్పుకోలేదు. పునఃసమీక్ష పిటిషన్లను కూడా 2025 జనవరి 9న కొట్టేశారు. ఇక మిగిలింది పార్లమెంటే.

ఇక మతం సంగతి. ఆ కేసులో కోర్టు మతాల వివాహ చట్టాల జోలికే వెళ్లలేదు. విచారణ అంతా 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం చుట్టూనే నడిచింది. ఆ చట్టం పుట్టిందే కులమతాల ప్రమేయం లేకుండా పెళ్లి చేసుకోదలచినవారి కోసం. దాని పూర్వరూపమైన 1872 చట్టం కింద పెళ్లాడాలంటే, తాము హిందూ, ముస్లిం, క్రైస్తవ మతాల్లో దేన్నీ అనుసరించడం లేదని ప్రకటించాల్సి వచ్చేది. ఇప్పుడా షరతు లేదు. తమ క్రతువు ఎవరికి జరిపించాలో గుడి, చర్చి, మసీదు నిర్ణయించుకోవచ్చు. రేపు చట్టం మారినా ఏ పురోహితుణ్నీ ఎవరూ బలవంతపెట్టకూడదు. కానీ రిజిస్ట్రారు బల్ల ఏ మతానికీ చెందినది కాదు. అక్కడ సంతకం పెట్టనివ్వకపోవడానికి మతాన్ని కారణంగా చూపడం అన్యాయమని నా దృఢమైన అభిప్రాయం.

మీ బావగారికి రాజమండ్రిని గుర్తు చేయండి. వితంతు వివాహాలను అనుమతిస్తూ చట్టం 1856లో వచ్చింది. కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. అప్పటికీ వెలి తప్పలేదు. ఆనాడు చట్టం ముందు వచ్చింది, ఇళ్లు పాతికేళ్లు వెనకబడ్డాయి. మీ విషయంలో ఇల్లే ముందుంది.

ఇప్పుడు అసలు చిక్కుకు వద్దాం. ఆ ఫ్లాటు. అశుభం పలుకుతున్నానని అనుకోకండి. హిందూ వారసత్వ చట్టం ప్రకారం, పెళ్లికాని మగవాడు వీలునామా రాయకుండా పోతే అతని ఆస్తికి మొదటి వారసురాలు తల్లి. తండ్రి కూడా ఆ తర్వాతే. అంటే ఫ్లాటు మొత్తం మీకు వస్తుంది, ఏళ్ల తరబడి వాయిదాలు కట్టిన పిల్లవాడికి వారసుడిగా ఏమీ రాదు. మీరు మంచివారు కాబట్టి ఇచ్చేస్తారు. మీ తర్వాత వచ్చేవారు ఇస్తారా? అందుకే మీ అబ్బాయి చేత వీలునామా రాయించండి. స్టాంపు కాగితం అక్కర్లేదు, ఇద్దరు సాక్షుల సంతకాలు మాత్రం తప్పనిసరి. రిజిస్ట్రేషను తప్పనిసరి కాకపోయినా చేయించడమే మేలు. ఆ ఇద్దరు సాక్షుల్లో ఒకరు మీరే కండి. వారసురాలైన తల్లే సాక్షి సంతకం పెట్టిన వీలునామా మీద పేచీ పెట్టడం బంధువులకు అంత సులభం కాదు. వాయిదాలు ఆ అబ్బాయి ఖాతా నుంచి వెళ్తున్నట్టు బ్యాంకు కాగితాలు కూడా దాచమనండి.

ఇద్దరూ కలిసి జాయింటు ఖాతా తెరవడానికి, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికి అడ్డు లేదని కేంద్ర ఆర్థిక శాఖ 2024 ఆగస్టులో స్పష్టం చేసింది. అయితే నామినీ అంటే సొమ్ము అందుకునేవాడే కానీ యజమాని కాడు. వీలునామా లేకపోతే ఆ సొమ్మును వారసులు అడగవచ్చు. భవిష్య నిధిలో మాత్రం, ఆధారపడిన తల్లిదండ్రులు ఉండగా బయటివారి పేరు రాస్తే ఆ నామినేషను చెల్లదు. అక్కడ మీ పేరే ఉండనివ్వండి.

ఆసుపత్రి విషయానికొస్తే, ప్రాణాపాయ స్థితిలో చికిత్స గురించి ముందస్తు ఆదేశ పత్రం రాసుకోవచ్చు. ఇద్దరు సాక్షులు ఉండాలి, నోటరీ గానీ గెజిటెడ్ అధికారి గానీ ధ్రువీకరించాలి. మీ అబ్బాయి పత్రంలో ఆ పిల్లవాడి పేరుతో పాటు మీ పేరు కూడా రాయించండి. అర్ధరాత్రి ఆసుపత్రి కౌంటరు దగ్గర "మీరు ఏమవుతారు?" అని అడిగితే ఆ కాగితమే సమాధానం చెప్పాలి.

అవతలి తల్లిదండ్రులు తమ కొడుకును బలవంతంగా తీసుకెళ్లి ఇంట్లో నిర్బంధిస్తే చట్టం ఊరుకోదు. విజయవాడలో కలిసి ఉంటున్న ఇద్దరు యువతుల్లో ఒకరిని ఆమె తండ్రి నర్సీపట్నంలోని ఇంట్లో నిర్బంధించినప్పుడు, రెండో యువతి హెబియస్ కార్పస్ పిటిషను, అంటే నిర్బంధంలో ఉన్న మనిషిని కోర్టు ముందు హాజరుపరచమని కోరే పిటిషను వేసింది. వయోజనురాలి ఇష్టమే ప్రధానమని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2024 డిసెంబరులో ఆమెను విడిపించింది. అలాంటి పరిస్థితే వస్తే మీ అబ్బాయి కూడా వెంటనే హైకోర్టుకు వెళ్లవచ్చు.

ఆ పిల్లవాడి చేత కూడా వీలునామా రాయించండి. అతని తల్లిదండ్రులు దాన్ని సవాలు చేసే అవకాశం ఎక్కువ కాబట్టి సాక్షుల్లో ఒకరు వైద్యుడైతే మంచిది. రాసే సమయానికి అతను పూర్తి స్పృహలో, స్వేచ్ఛగా ఉన్నాడని ఆయన చెప్పగలరు. ముహూర్తం పెట్టించిన వారంలోనే ఈ రెండు వీలునామాలూ పూర్తి చేయించండి.