ఎడిటింగ్‌లో రంగు ఫిల్టర్లు ఉండగా లెన్స్ ముందు గాజు ఫిల్టర్ ఎందుకు?

రంగు ఫిల్టర్ల వరకైతే అక్కర్లేదు. మామూలు డిజిటల్ సెన్సర్ ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులను విడివిడిగానే నమోదు చేస్తుంది. చంద్రగిరి కోటను బ్లాక్ అండ్ వైట్‌లో తీసి ఆకాశం ముదురుగా కావాలంటే, రా ఫైల్‌లో (సెన్సర్ నమోదు చేసిన సమాచారాన్ని దాదాపు అలాగే దాచే ఫైల్) నీలం తగ్గిస్తే చాలు. ఎర్ర గాజు తగిలిస్తే నష్టమే: పిక్సెళ్లలో నాలుగో వంతు ఉండే ఎరుపు వాటికే సరిగ్గా వెలుగు అందుతుంది.

పోలరైజర్ (ఒక దిశలో కంపించే వెలుగునే లోపలికి వదిలే గాజు ఫిల్టర్) సంగతి వేరు. తలకోనలో తడి బండల మీది తళతళను అది సెన్సర్‌కు చేరకముందే చాలావరకు ఆపుతుంది. వెలుగు ఏ దిశలో కంపిస్తోందో మామూలు సెన్సర్ గుర్తించదు. మెరుపు కింద దాగిన రాయిని సాఫ్ట్‌వేర్ ఊహించి గీయగలదేమో గానీ, ఉన్నదున్నట్టు తేలేదు. తిరుపతి నుంచి జలపాతానికి బయల్దేరుతుంటే ఇదొక్కటీ తప్పక కొనండి. వెలుగు ఒకటిన్నర, రెండు స్టాపులు తగ్గుతుంది (ఒక స్టాపు తగ్గడమంటే వెలుగు సగం కావడం), షట్టర్ ఆ మేరకు నెమ్మది చేసుకోండి.