వాయిదా అడగాల్సి వస్తే

అమ్మడూ,

నీ క్రాస్, అంటే అవతలి ప్లీడరు నిన్ను బోనులో ప్రశ్నలడిగేది, ఉన్న రోజే మీ అమ్మకి, మా వదినకి, కేజీహెచ్‌ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)లో ఆపరేషన్ పడిందని రాశావు. ఆ రోజు కోర్టుకి వెళ్లకపోతే ఏమవుతుందని అడిగావు. వెళ్లలేకపోవడం తప్పు కాదమ్మా. చెప్పకుండా ఊరుకోవడమే ప్రమాదం. విశాఖ జిల్లా కోర్టులో ప్లీడరు గుమస్తాగా పని చేసినన్నాళ్లూ, న్యాయం తమ వైపున్నా ఒక్క వాయిదా దగ్గర అశ్రద్ధ చేసి ఏళ్ల తరబడి తిరిగినవాళ్లను చూశాను.

నువ్వు వాదివి. ఆ రోజు నీ తరఫున ఎవరూ పలక్కపోతే దావా డిఫాల్టులో, అంటే హాజరు కాలేదని, కొట్టేయవచ్చు. మళ్లీ నిలబెట్టుకోడానికి గడువు 30 రోజులే. ప్లీడరు గారొక్కరే వచ్చి నువ్వు బోనెక్కకపోతే, నీ వైపు సాక్ష్యం క్లోజ్ అని రాసేసే వీలుంది. అప్పుడు మూసేసిన సాక్ష్యం మళ్లీ తెరవమని రీఓపెన్‌కో పిటిషన్, నిన్ను మళ్లీ బోనెక్కించమని రీకాల్‌కో పిటిషన్ వేసుకోవాలి. అవీ పోతే ఆ ఆర్డరు సరిచూడమని హైకోర్టులో రివిజన్. ఒక్కరోజు పని రెండేళ్లు పాకుతుంది.

కాబట్టి ఇప్పుడే వాయిదా పిటిషన్ వేయించు. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 17వ ఆర్డరు (ఆ కోడ్‌లోని భాగాలను ఆర్డర్లంటారు) ప్రకారం సరైన కారణం చూపిస్తే జడ్జిగారు వాయిదా ఇవ్వచ్చు, ఆ కారణాన్ని రాతపూర్వకంగా నమోదు చేస్తారు. అయితే విచారణలో ఒక పక్షానికి మూడుసార్లకు మించి ఇవ్వకూడదని 2002 జులై 1 నుంచి అమల్లో ఉంది. మన చేతిలో లేని గట్టి కష్టం వస్తే ఆ లెక్క దాటొచ్చని 2005లో సుప్రీంకోర్టు అంది గాని, దాన్ని నమ్ముకుని ఉన్న మూడింటినీ పెళ్లిళ్లకీ ప్రయాణాలకీ ఖర్చు చేసుకోకు. నీకు ఇంతకుముందు ఎన్ని అయ్యాయో డాకెట్ (ఏ రోజు ఏం జరిగిందో కోర్టు రాసే కాగితం) చూసి చెప్పమని ప్లీడరు గారిని అడుగు.

పిటిషన్‌తో పెట్టే అఫిడవిట్ (ప్రమాణ పత్రం) మీద సంతకం నీది, అందులో ప్రతి ముక్కా నిజమై ఉండాలి. "ఇంట్లో ఒంట్లో బాగోలేదు" అని రాస్తే జడ్జిగారికి ఏమీ తెలియదు. ఏ జబ్బు, ఎప్పుడు చేర్చుకుంటారు, దగ్గరుండాల్సింది నువ్వే ఎందుకు, ఇవి రాయించు. ఆసుపత్రి వాళ్లిచ్చిన అడ్మిషన్ కాగితం నకలు జత చెయ్యి. అమ్మకి నువ్వొక్కదానివే కూతురివన్న సంగతి మర్చిపోవద్దు, అదే అసలు కారణం. ఎన్నాళ్లు కావాలో కూడా అడుగు: మూడు వారాలంటే మూడు వారాలు. తేదీ లేకుండా "తగిన సమయం" అని అడిగితే సాగదీస్తున్నారనిపిస్తుంది.

ప్లీడరు గారికి వేరే కోర్టులో కేసుందన్నది కారణంగా రాయనివ్వకు. కోడ్‌లోనే అది చెల్లదని ఉంది.

ఇంకో మాట. పిటిషన్ నకలు అవతలి ప్లీడరుకి ముందే అందాలి. ప్రతివాది విజయనగరం నుంచి పనులు మానుకుని రావాలి కదా, వాళ్లు బస్సెక్కకముందే తెలిస్తే అభ్యంతరం కూడా మెత్తబడుతుంది. మనతో తగువున్నా వాళ్ల రోజుకీ విలువుంది. వాళ్ల ఇంట్లో నిజంగా కష్టమొచ్చి వాయిదా అడిగిన రోజున నువ్వూ అడ్డుపడకు.

వాయిదా ఇస్తూ అవతలివాళ్లకి ఖర్చులు కట్టమని జడ్జిగారు ఆర్డరు వేస్తే బాధపడకుండా తర్వాతి వాయిదాకి కట్టేసి రసీదు తీసుకో. అదే కోడ్ 35బి సెక్షన్ కింద వేసిన ఖర్చులు కట్టకపోతే దావా ముందుకి నడపనివ్వరు. చిన్న మొత్తమని వదిలేసిన వాళ్లు చాలా ఇబ్బంది పడ్డారు.

వదిన కూడా సాక్షే కదా. ఆపరేషన్ తర్వాత ఆవిడ మెట్లెక్కి రాలేకపోతే వాయిదాల మీద వాయిదాలు అడగడం కన్నా, అడ్వకేట్ కమిషనర్‌ని, అంటే కోర్టు తరఫున సాక్ష్యం రాసుకునే ప్లీడరుని, వేయమని కోడ్ 26వ ఆర్డరు కింద పిటిషన్ పెట్టించు. ఇంటికే వచ్చి సాక్ష్యం రాసుకుంటారు. నన్నడిగితే అదే మంచిది.

పిటిషన్ వేశాం కదా, వాయిదా వచ్చేసినట్టే అనుకోకు. ఆర్డరు వచ్చేదాకా పాత తేదీయే లెక్క. ఆ రోజు ఉదయం పదిన్నరకల్లా నేను కోర్టు హాల్లో ఉంటాను. నేను నీ బదులు సాక్ష్యం చెప్పలేను గాని, ప్లీడరు గారి పక్కనే నిలబడి కొత్త తేదీ రాసుకుంటాను. సాయంత్రం నువ్వూ ఈ-కోర్ట్స్ యాప్‌లో సీఎన్‌ఆర్ నంబరు (నీ కేసుకిచ్చిన ప్రత్యేక నంబరు) కొట్టి సరిచూసుకో. ఆపరేషన్ థియేటర్ దగ్గర ఫోన్ ఎత్తలేకపోతే పర్వాలేదు, మెసేజ్ పెడతాను. సోమవారం ఆసుపత్రి కాగితాలు పట్టుకుని ప్లీడరు గారి ఆఫీసుకి రా.

మీ చిన్నాన్న