రెండో ఆపరేషన్‌కు ముందే కేసు వేయాలా?

ప్రశ్న: మాది తిరుపతి. వయసు 27. 19 నెలల కిందట చెన్నైలో ఒక కాస్మెటిక్ క్లినిక్‌లో లిప్ లిఫ్ట్ (పై పెదవిని పైకి లాగే సర్జరీ) చేయించుకున్నాను. రూ.1,80,000 తీసుకున్నారు. కుట్లు మానాక ముక్కు అడుగు భాగం కిందికి లాగినట్టయింది, ఎడమ పుటం వెడల్పయింది. ముక్కుపుడక పెడితే పక్కకి తిరిగి ఉంటోంది. ఇంకో సర్జన్‌కు చూపిస్తే చెవి నుంచి మృదులాస్థి తీసి ముక్కు అడుగున గ్రాఫ్ట్ వేయాలన్నారు. పాత క్లినిక్ వాళ్లు ‘మేమే ఫ్రీగా సరిచేస్తాం, ఒక కాగితం మీద సంతకం చేయండి’ అంటున్నారు. మా అన్న పోలీసు కేసు పెడదామంటున్నాడు. ఏం చేయాలి?

జవాబు: ఆ కాగితం మీద మాత్రం సంతకం పెట్టకండమ్మా. ఇలాంటి వాటిలో ‘ఇకపై మా మీద ఎలాంటి క్లెయిమ్ లేదు’ అనే వాక్యం రెండో పేజీలో ఎక్కడో ఇరికించి ఉంటుంది. ఫ్రీ ఆపరేషన్ కూడా వికటిస్తే అప్పుడు అడగడానికి మీ చేతిలో ఏమీ మిగలదు.

ఇక అసలు విషయం. మీ కేసులో అన్నిటికన్నా పెద్ద సాక్షి మీ ముఖమే. గ్రాఫ్ట్ వేయించుకుని ముక్కు బాగుపడితే మీకు మంచిదే, కానీ మొదటి సర్జరీ ఏం చేసిందో చూపించే ఆధారం అక్కడితో పోతుంది. అందుకని దాన్ని ముందే కాగితం మీదికి ఎక్కించండి. ఎదురుగా, రెండు పక్కల నుంచి, తల పైకెత్తి రెండు రంధ్రాలూ కనిపించేలా కింద నుంచి, నవ్వుతూ, నవ్వకుండా ఫొటోలు తీయించండి. సర్జరీకి ముందటి పెళ్లి ఫొటోలో, ఆధార్ ఫొటోలో ఏవున్నా పక్కన పెట్టండి. గ్రాఫ్ట్ వేయాలన్న సర్జన్‌ను రాతపూర్వకంగా అడగండి: ఏ పుటం ఎన్ని మిల్లీమీటర్లు వెడల్పుంది, కారణం ఏమై ఉండొచ్చు, ఏ గ్రాఫ్ట్ కావాలి, ఖర్చెంత. ఆ ఉత్తరం వచ్చాక ఆపరేషన్ చేయించుకోండి. కేసు తేలేదాకా ముఖం అలాగే ఉంచుకోమని ఏ చట్టమూ చెప్పదు. ఆ ఖర్చునూ నష్టపరిహారంలో కలిపి అడగొచ్చు.

రెండోది, మీ రికార్డులు. భారత వైద్య మండలి 2002 నియమావళి ప్రకారం పేషెంట్ అడిగిన 72 గంటల్లోగా డాక్టరు రికార్డులు ఇవ్వాలి. రిజిస్టర్డ్ పోస్టులోనూ ఈమెయిల్‌లోనూ అడగండి, ఫోన్‌లో కాదు. ఆపరేషన్ నోట్స్ వస్తే ముక్కు కింద చర్మం ఎంత వెడల్పున కోసి తీశారో, లోపలి పొరలను కూడా పట్టి కుట్టారో లేదో చూపించుకోండి. లిప్ లిఫ్ట్‌లో ముక్కుకు ఆనుకుని చర్మం కోసి పెదవిని పైకి లాగుతారు కదా. ఆ బిగువంతా పైచర్మం కుట్ల మీదే పడితే పెదవి పైకి రావడానికి బదులు ముక్కు అడుగు కిందికి దిగుతుంది.

అయితే ఫలితం బాగోలేనంత మాత్రాన నిర్లక్ష్యం రుజువైనట్టు కాదు. కోర్టులు ఈ మాట పదే పదే చెప్పాయి. నా ఉద్దేశంలో మీకు ఆపరేషన్ చేసిన తీరు కంటే కన్సెంట్ ఫారం (సర్జరీకి ముందు తీసుకునే సమ్మతి పత్రం) మీద ఎక్కువ బలముంది. సమీరా కోహ్లీ కేసులో 2008లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: చికిత్స ఏమిటి, ప్రత్యామ్నాయాలేమిటి, ముఖ్యమైన ప్రమాదాలేమిటి అన్నది పేషెంట్‌కు తగినంతగా చెప్పాకే తీసుకున్న సమ్మతి చెల్లుతుంది. అరుదైన ప్రమాదాలన్నీ ఏకరువు పెట్టనక్కరలేదు. కానీ ముక్కు అడుగు ఆకారం మారడం ఈ సర్జరీకి తెలిసిన ప్రమాదమే. మీ ఫారంలో ‘మచ్చ పడవచ్చు’ అని తప్ప ముక్కు ఊసే లేకపోతే అది వాళ్లు జవాబు చెప్పుకోవాల్సిన లోటు. ప్రాణం మీదికొచ్చి చేయించుకున్న ఆపరేషన్ కాదిది, వద్దనుకుంటే మానేసేదే. కాబట్టి చెప్పాల్సిన బాధ్యత ఇంకా ఎక్కువని వాదిస్తాం.

సర్జరీ చెన్నైలో జరిగిందని చెన్నై తిరగక్కరలేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 34 ప్రకారం మీరు నివసించే చోటే, అంటే తిరుపతిలోనే, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయొచ్చు. పాత 1986 చట్టంలో ఈ వీలు లేదు. మీరు చెల్లించింది రూ.5 లక్షల లోపే కనుక కమిషన్‌కు ఫీజు కూడా లేదు. లాయర్‌ను పెట్టుకునే స్తోమత లేకపోతే న్యాయ సేవాధికార సంస్థకు అర్జీ పెట్టండి, మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత సాయం దొరుకుతుంది. డబ్బు ఎలా కట్టారో రాయలేదు. ఫోన్‌పేలో వేసింది స్టేట్‌మెంట్‌లో ఉంటుంది, నగదుగా ఇచ్చింది ఉంటే దానికి బిల్లు తప్పనిసరిగా వెతకండి. వాళ్ల ఇన్‌స్టాగ్రామ్‌లో ‘బిఫోర్ ఆఫ్టర్’ ఫొటోలు చూసి వెళ్లి ఉంటే తీసేయకముందే స్క్రీన్‌షాట్లు తీసి పెట్టండి.

మీ అన్న కోపం అర్థమవుతుంది. శాశ్వతంగా ముఖం వికృతం కావడం భారతీయ న్యాయ సంహితలో తీవ్ర గాయం కిందే వస్తుంది, నిజమే. కానీ డాక్టరు మీద క్రిమినల్ కేసు నిలబడాలంటే మామూలు పొరపాటు చాలదు, ఘోరమైన నిర్లక్ష్యం ఉండాలని జేకబ్ మాథ్యూ కేసులో 2005లోనే సుప్రీంకోర్టు తేల్చింది. ముందు మరో వైద్యుడి నిష్పాక్షిక అభిప్రాయం తీసుకోమని పోలీసులకూ చెప్పింది. చేసింది అసలు అర్హతే లేని వ్యక్తి అని తేలితే అప్పుడు ఆ దారి ఆలోచిద్దాం. వాళ్ల రిజిస్ట్రేషన్ నంబరు మాత్రం ఇప్పుడే కనుక్కోండి.

కమిషన్‌లో ఫిర్యాదు వేయడానికి గడువు రెండేళ్లు. సర్జరీ తేదీ నుంచే లెక్కేసుకోవడం క్షేమం, అలా చూస్తే మీకు ఐదు నెలలే ఉంది. లీగల్ నోటీసు పంపినంత మాత్రాన ఈ గడువు ఆగదు, ‘వచ్చే వారం రండి మాట్లాడదాం’ అన్న వాట్సాప్ మెసేజ్‌లతోనూ ఆగదు. క్లినిక్‌కు నోటీసు పంపి 15 రోజులు టైమివ్వండి. జవాబు వచ్చినా రాకపోయినా ఆ మర్నాడే ఫిర్యాదు తయారు చేయించడం మొదలుపెట్టండి.