గాలి ఎటు వీస్తోందో చూసే ఉద్యోగం

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈసారి ల్యాబ్ భద్రత గురించి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒడిశా సరిహద్దు ఊళ్ళవే. జవాబులు చెప్పినవారు పర్లాకిమిడి ఆడపడుచు. పశువైద్యం చదివి, గాలికుంటు వైరస్ మీద పరిశోధన జరిగే ల్యాబుల్లో బయోసేఫ్టీ ఆఫీసర్‌గా చాలాకాలం పనిచేసి, ఇప్పుడు బరంపురంలో ఉంటున్నారు.

*

ప్రశ్న: మేడమ్ గారూ, నేను బీఎస్సీ మైక్రోబయాలజీ ఆఖరి ఏడు చదువుతున్నాను. బయోసేఫ్టీలో ఉద్యోగాలుంటాయని మా లెక్చరర్ చెప్పారు. మా నాన్నగారేమో "రోగాల మధ్య ఉద్యోగమేంటి, బీఈడీ చెయ్యి" అంటున్నారు. ఇది నిజంగా ఉద్యోగమేనా? ఏం చదవాలి? నేను పదో తరగతి దాకా ఒడియా మీడియం. – ఒక పాఠకురాలు, రాయగడ

జవాబు: తల్లీ, ముందు నాన్నగారి మాట చూద్దాం. ఆయన భయపడడంలో తప్పేమీ లేదు. 1978లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో జానెట్ పార్కర్ అనే మెడికల్ ఫొటోగ్రాఫర్ మశూచి సోకి చనిపోయింది. ఆవిడ పనిచేసే గదికి కింది అంతస్తులో మశూచి వైరస్ ల్యాబు ఉండేది. ఆవిడకి ఆ వైరస్‌తో పనే లేదు. ప్రపంచంలో మశూచితో పోయిన ఆఖరి మనిషి ఆవిడే. అలాంటిది మళ్ళీ జరగకూడదని జీతమిచ్చి ఒక మనిషిని పెట్టుకుంటారే, ఆ మనిషి చేసేదే నువ్వు అడుగుతున్న ఉద్యోగం. రోగాలు గది దాటకుండా కాపలా కాసే పని అని నాన్నగారికి చెప్పు.

పొద్దున్న వెళ్ళగానే మీటర్లు చూడాలి. లోపలి గదిలో గాలి ఒత్తిడి బయట వరండాలో కంటే తక్కువ ఉండాలి. తలుపు తీస్తే గాలి లోపలికి రావాలి తప్ప బయటికి పోకూడదు. సూక్ష్మజీవుల్ని వేడి ఆవిరితో చంపే ఆటోక్లేవ్ నిన్న సరిగా వేడెక్కిందో లేదో రికార్డు చూడాలి. ఎవరికైనా జ్వరం వచ్చిందా అని రోజూ అడగాలి. వినడానికి చిన్న విషయంలా ఉంటుంది కానీ నేను దీన్ని అన్నిటికంటే పెద్దదిగా చూస్తాను. 2003, 2004 సంవత్సరాల్లో సింగపూర్, తైపీ, బీజింగ్ ల్యాబుల్లో పనిచేసేవాళ్ళకే సార్స్ అనే ఊపిరితిత్తుల జబ్బు అంటుకుంది. బీజింగ్‌లో ఒక పీజీ విద్యార్థిని జ్వరంతోనే రైలెక్కి సొంతూరు వెళ్ళింది. దగ్గరుండి చూసుకున్న తల్లి ఆ జబ్బుతోనే పోయింది. ఆ అమ్మాయి రైలెక్కకముందే "జ్వరమా, ఆగు" అనే మనిషి ఒకరు ఉండాల్సింది.

తర్వాత సైంటిస్టులతో కూర్చోవాలి. కొత్త ప్రయోగం మొదలుపెడతామంటారు. ఏ సూక్ష్మజీవి, ఎంత మోతాదు, ట్యూబుల్ని గిర్రున తిప్పే సెంట్రిఫ్యూజ్‌లో ఒకటి పగిలితే ఏం చేస్తారు, ఎవరు తుడుస్తారు, దేంతో తుడుస్తారు? ఇవన్నీ అడిగి, రాయించి, సంతకం పెట్టించాలి. దాన్నే రిస్క్ అసెస్‌మెంట్ అంటారు. ఈ పనిలో సగం మనుషులతోనే. నీకంటే ఎంతో పెద్ద పదవిలో ఉన్న ప్రొఫెసరుగారితో "ఇవాళ ఆ గది తెరవడానికి వీల్లేదు సార్" అని మర్యాదగా చెప్పాలి, చెప్పాక మాట మార్చకూడదు. ఆ ధైర్యం లేనివాళ్ళకి ఎన్ని సర్టిఫికెట్లున్నా ఈ ఉద్యోగం నప్పదు.

ఉద్యోగాలు ఎక్కడంటే, అందరూ పుణే పేరే చెప్తారు. నిజమే, మన దేశంలో మొదటి బీఎస్ఎల్-4 ల్యాబు అక్కడి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వైరాలజీలో 2012లో వచ్చింది. ఒకటి నుంచి నాలుగు దాకా ఉండే భద్రతా స్థాయిల్లో అది అన్నిటికంటే పైది. కానీ నీకు హీరాఖండ్ ఎక్కితే భువనేశ్వర్ ఎంత దూరం? అక్కడ వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ప్రాంతీయ కేంద్రం ఉంది, ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ లైఫ్ సైన్సెస్ ఉంది. ఊరి బయట అరుగుల్‌లో వ్యవసాయ పరిశోధన మండలి (ఐసీఏఆర్) వారి గాలికుంటు వ్యాధి సంస్థ ఉంది. ఇటు హైదరాబాదులో జీవకణాల మీద పరిశోధన చేసే సీసీఎంబీ, జీనోమ్ వ్యాలీ వ్యాక్సిన్ కంపెనీలు. ఇంకో మాట. పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 1989లో వచ్చిన నియమాల ప్రకారం, జన్యుమార్పిడి సూక్ష్మజీవులతో పనిచేసే ప్రతి సంస్థలోనూ బయోసేఫ్టీ కమిటీ ఉండి తీరాలి. కమిటీ ఉన్నచోట ఆ కాగితాలు, తనిఖీలు, శిక్షణ చూసే మనిషి కావాలి.

దీనికంటూ ఒకే డిగ్రీ లేదు. ఎమ్మెస్సీ చెయ్యి, ఆ తర్వాత కనీసం రెండేళ్ళు ల్యాబు బెంచి దగ్గర స్వయంగా ప్రయోగాలు చెయ్యి. పిపెట్ పట్టనివాళ్ళు పిపెట్ పట్టేవాళ్ళకి జాగ్రత్తలు చెప్తే ఎవరూ వినరు. ఈలోగా ప్రపంచ ఆరోగ్య సంస్థ లేబొరేటరీ బయోసేఫ్టీ మాన్యువల్, 2020 నాటి నాలుగో ముద్రణ, ఉచితంగా దొరుకుతుంది. దించుకుని చదువు. స్థాయి నంబరు చూసి కళ్ళు మూసుకుని నియమాలు పెట్టడం కాక, చేసే పనిలో ప్రమాదం ఎంతో బేరీజు వేసి జాగ్రత్త ఎంచుకోమంటుంది ఆ పుస్తకం. అనుభవం వచ్చాక ఐఎఫ్‌బీఏ అనే అంతర్జాతీయ సమాఖ్య పెట్టే బయోరిస్క్ మేనేజ్‌మెంట్ పరీక్ష రాయొచ్చు. వేలకు వేలు కట్టించుకుని "ఉద్యోగం గ్యారంటీ" అనే వారం రోజుల కోర్సుల జోలికి మాత్రం పోవద్దు.

ఒడియా మీడియం అని టెన్షన్ పడకు. నేనూ హైస్కూలు దాకా ఒడియాలోనే చదివాను. ఇంగ్లీషులో రిపోర్టు రాయడం నేర్చుకోవచ్చు. చెత్త సంచులు మోసే మనిషి పక్కన నిలబడి, తనకి వచ్చిన భాషలో "పసుపు సంచిని ఇలా పట్టుకో, ఒంటికి ఆనించకు" అని చెప్పగలగడం చాలామంది పెద్ద డిగ్రీలవాళ్ళకి రాదు. తెలుగు, ఒడియా, కాస్త కువి వచ్చిన రాయగడ అమ్మాయికి అది వస్తుంది.

*

ప్రశ్న: నేను డీఎంఎల్‌టీ చేసి ప్రైవేటు ల్యాబులో టెక్నీషియన్‌గా ఉన్నాను. ఈమధ్య మా ఓనర్ గారు ఒక గాజు క్యాబినెట్ కొన్నారు. టీబీ కఫం శాంపిళ్ళు ఇకమీదట అందులోనే చెయ్యమన్నారు. అందులో కూర్చుంటే గాలి చల్లగా మొహానికి కొడుతోంది. ఇది సరైనదేనా? – పేరు వద్దన్న పాఠకుడు, జయపురం

జవాబు: తమ్ముడూ, మీ ఉత్తరంలో ఆఖరి వాక్యం చదివి నాకు గాభరా పుట్టింది. గాలి మొహానికి కొడుతోందంటే అది బయోసేఫ్టీ క్యాబినెట్ కాదు, లామినార్ ఫ్లో బెంచి. చూడ్డానికి రెండూ ఒకలాగే ఉంటాయి. రెండింటిలోనూ గాలిలోని సూక్ష్మకణాల్ని వడకట్టే హెపా ఫిల్టరు ఉంటుంది, అద్దం ఉంటుంది, నీలి లైటు ఉంటుంది. చేసే పని మాత్రం పూర్తిగా వేరు. లామినార్ ఫ్లో శుభ్రమైన గాలిని లోపల పెట్టిన వస్తువు మీదుగా మనిషి వైపు తోస్తుంది. వస్తువు పాడవకుండా చూడడమే దాని పని. మనిషి సంగతి దానికి పట్టదు. కఫం డబ్బా మూత అందులో తీస్తే తుంపరలు నేరుగా మీ ముక్కులోకి వస్తాయి. టేబుల్ మీద చెయ్యడం కంటే అది ప్రమాదం.

క్లాస్-2 బయోసేఫ్టీ క్యాబినెట్‌లో ముందు అంచున చిల్లుల పలక ఉంటుంది. బయటి గాలిని అది అక్కడే కిందికి లాగేస్తుంది. పైనుంచి వడకట్టిన గాలి లోపలికి దిగుతుంది. బయటికి పోయే గాలి కూడా ఫిల్టరు దాటే పోతుంది. అందుకే మనిషికీ శాంపిల్‌కీ ఇద్దరికీ రక్షణ. మీరే పరీక్ష చేసి చూడొచ్చు. టిష్యూ కాగితాన్ని సన్నటి పోగులా చీల్చి, మెషిన్ ఆన్ చేసి, అద్దం అంచు దగ్గర వేలాడదీయండి. పోగు లోపలికి వంగితే బయోసేఫ్టీ క్యాబినెట్. మీ వైపు ఊగితే లామినార్ ఫ్లో. శాంపిళ్ళేమీ లోపల లేనప్పుడు, ఓనర్ గారి ఎదుటే చెయ్యండి. మాటకంటే అది బాగా పనిచేస్తుంది.

డబ్బు పోసి కొన్నాం కదా అని ఆయనకి బాధ ఉంటుంది. సూక్ష్మజీవుల్ని పెంచే (కల్చర్ చేసే) ప్లేట్లలో వాటి ఆహారం, అంటే మీడియా, పోసుకోవడానికి అది బంగారంలాంటి మెషిన్ అని చెప్పండి. దాన్ని అందుకే ఉంచండి. టీబీ శాంపిల్‌తో మీరు చేసేది మామూలు స్లైడు పరీక్షే అయితే, గాలి బాగా ఆడే గదిలో మామూలు బెంచి మీద చెయ్యొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ టీబీ ల్యాబుల మార్గదర్శకాలే చెప్తున్నాయి. గాలి మీ వీపు వైపు నుంచి వచ్చి, శాంపిల్ మీదుగా కిటికీ బయటికి పోయేలా కూర్చోండి. ఆ కిటికీ అవతల జనం తిరిగే చోటు కాకూడదు. సీలింగ్ ఫ్యాన్ ఆపండి. కల్చర్ చేస్తామంటే మాత్రం కథ మారుతుంది. అసలైన క్యాబినెట్, ఏడాదికోసారి గాలి వేగం, ఫిల్టరు లీకు కొలిపించి తెచ్చుకున్న సర్టిఫికెట్ లేకుండా ఒప్పుకోవద్దు.

అసలైన క్యాబినెట్ ఉన్న పెద్ద ల్యాబుల్లో కూడా ముందరి చిల్లుల పలక మీద రిజిస్టరు పెట్టి రాసుకునేవాళ్ళని నేను ఎన్నోసార్లు లేపాను. చిల్లులు మూసుకుపోతే అంత ఖరీదైన మెషిన్ కూడా ఉత్త పెట్టే. లోపల బున్సెన్ బర్నర్ వెలిగించినా అంతే, వేడికి గాలి దారి చెదిరిపోతుంది.

*

ప్రశ్న: ఐటీఐలో రెఫ్రిజిరేషన్, ఏసీ ట్రేడ్ చేశాను. సైన్సు డిగ్రీ లేదు. ఇలాంటి ల్యాబుల్లో మాలాంటివాళ్ళకి పని ఉంటుందా? – ఒక పాఠకుడు, గుణుపురం

జవాబు: బాబూ, నీలాంటివాళ్ళు లేకపోతే ఆ ల్యాబు ఒక్కరోజు నడవదు. గాలి ఒత్తిడి, బ్లోయర్లు, డక్టులు, తలుపుల రబ్బరు గాస్కెట్లు, ల్యాబు నుంచి వచ్చే నీళ్ళని ఉడికించి వదిలే ట్యాంకులు, ఇవన్నీ చూసేది మెకానిక్కులే. 2007లో ఇంగ్లండులోని పర్‌బ్రైట్ దగ్గర పశువులకి గాలికుంటు వచ్చింది. ఆ ఆవరణలోనే ఆ వైరస్‌తో పనిచేసే ల్యాబు, వ్యాక్సిన్ కేంద్రం ఉన్నాయి. వైరస్ చాలావరకు పాతబడి లీకవుతున్న డ్రైనేజీ పైపుల నుంచే బయటపడి ఉంటుందని దర్యాప్తుల్లో తేలింది. సైంటిస్టులు ఎంత జాగ్రత్తగా ఉన్నా పైపు సంగతి పట్టించుకోకపోతే అదీ జరిగేది. ఏసీ మెయింటెనెన్స్ కాంట్రాక్టుల్లో ఫార్మా, వ్యాక్సిన్ కంపెనీల పనులు పట్టే సంస్థలో చేరు. క్లీన్‌రూమ్, హెపా ఫిల్టరు లీకు పరీక్ష నేర్పించమని అడుగు. ఆ పరీక్ష చేసి సర్టిఫై చెయ్యడం వచ్చినవాళ్ళకి గిరాకీ ఉంది. విశాఖపట్నం, హైదరాబాదు రెండుచోట్లా వెతుకు.

*

ప్రశ్న: అమ్మా, బయోసేఫ్టీ వేరు, బయోసెక్యూరిటీ వేరు అంటున్నారు. మా మేనల్లుడు కోరాపుట్ వైపు పశువుల జబ్బుల శాంపిళ్ళతో పనిచేస్తాడు. "దొమ్మ" కల్చర్ ఉంటే పోలీసు కేసు అవుతుందా అని ఇంట్లో భయపడుతున్నారు. – రిటైర్డ్ టీచరు, పర్లాకిమిడి

జవాబు: మాస్టారూ, సూక్ష్మజీవి నుంచి మనిషిని కాపాడడం బయోసేఫ్టీ, చెడ్డ ఉద్దేశం ఉన్న మనిషి చేతికి సూక్ష్మజీవి చిక్కకుండా చూడడం బయోసెక్యూరిటీ. దొమ్మ, అంటే ఆంత్రాక్స్, ఈ రెండింటికీ కూడలిలాంటిది. కోరాపుట్ ప్రాంతానికి అది కొత్త కాదు. చచ్చిన పశువుని కోసి తిన్నవాళ్ళకి చర్మం మీద నల్లటి పుండ్లు రావడం అక్కడి డాక్టర్లకి తెలిసిన సంగతే. మట్టిలో దాని బీజాలు దశాబ్దాలు బతుకుతాయి. అదే సూక్ష్మజీవిని 2001లో అమెరికాలో ఉత్తరాల్లో పెట్టి పంపితే 5 మంది చనిపోయారు, 17 మంది జబ్బుపడ్డారు. ఆ పని సైనిక ల్యాబులోని ఒక సైంటిస్టుదేనని ఎఫ్‌బీఐ చివరికి తేల్చింది, కోర్టు విచారణ మొదలవకముందే ఆయన చనిపోయాడు. బయటి దొంగకంటే తాళంచెవి ఉన్న లోపలి మనిషి గురించి ఈ రంగంలో ఎక్కువ ఆలోచిస్తారంటే కారణం ఇదే.

జబ్బు నిర్ధారణ కోసం తన సంస్థ చెప్పిన పద్ధతిలో పనిచేస్తున్నంతవరకు మీ మేనల్లుడు భయపడక్కర్లేదు. జీవాయుధాల నిషేధ ఒప్పందాన్ని మన దేశం 1974లోనే ఖరారు చేసింది, 2005లో సామూహిక వినాశక ఆయుధాల చట్టం కూడా వచ్చింది. అవి దురుద్దేశంతో వాడేవాళ్ళ కోసం. అతను పట్టించుకోవాల్సింది రిజిస్టరు. ఎన్ని వయల్స్ (చిన్న సీసాలు) ఉన్నాయి, ఎవరు తీశారు, ఎప్పుడు నాశనం చేశారు, అన్నీ రాసి ఉండాలి. ఫ్రీజర్‌కి తాళం ఉండాలి. "ఎందుకైనా పనికొస్తుంది" అని కల్చర్లు దాచుకునే అలవాటు మన ల్యాబుల్లో బాగా ఉంది, నాకది అస్సలు గిట్టదు. పని అయ్యాక ఆటోక్లేవ్ చేసి, చేసినట్టు రాసెయ్యాలి.

శాంపిళ్ళు పంపడం కూడా అతని పనే అయితే, ప్రమాదకర వస్తువుల రవాణా శిక్షణ తీసుకోమనండి. మామూలు రోగి శాంపిల్ పెట్టె మీద యూఎన్ 3373 అని ఉంటుంది. ఆంత్రాక్స్ కల్చర్ అయితే యూఎన్ 2814, దాని నియమాలు చాలా కఠినం. విమానంలో పంపేవాళ్ళకి ఈ శిక్షణ తప్పనిసరి, రెండేళ్ళకోసారి మళ్ళీ తీసుకోవాలి. ఉద్యోగం మారాలన్నా అది బయోడేటాలో పనికొచ్చే కాగితం. ఇంకొకటి కూడా చెప్పండి. దొమ్మ అనుమానం ఉన్న కళేబరాన్ని ఎవరు బతిమాలినా కోయకూడదు. గాలి తగిలితేనే అది బీజాలుగా మారుతుంది.

*

ప్రశ్న: మా అమ్మాయి ఆసుపత్రి ల్యాబులో చేరింది. రక్తంతో పని కదా, ఏ జాగ్రత్త తీసుకోవాలి? – ఒక తల్లి, బరంపురం

జవాబు: అమ్మా, చేరిన వారంలోనే హెపటైటిస్-బి టీకా మొదలుపెట్టించండి. మొదటి డోసు, నెలకి రెండోది, ఆరో నెలలో మూడోది. బయోమెడికల్ వ్యర్థాల 2016 నియమాల ప్రకారం ఆ వ్యర్థాలు ముట్టుకునే సిబ్బందికి ఈ టీకా వేయించాల్సింది ఆసుపత్రే, మొహమాటపడకుండా అడగమనండి. మూడో డోసు అయిన నెలా రెండు నెలల్లో యాంటీ-హెచ్‌బీఎస్ రక్తపరీక్ష చేయించాలి. మిల్లీలీటరుకి 10 మిల్లీ యూనిట్లు ఉన్నా, దాటినా రక్షణ వచ్చినట్టు. చాలామంది ఈ పరీక్ష వదిలేస్తారు.

వాడిన సూదికి మళ్ళీ మూత పెట్టొద్దు. సూది గుచ్చుకుంటే వేలు పిండకుండా సబ్బూ నీళ్ళతో కడిగి, అప్పుడే డ్యూటీ డాక్టరుకి చెప్పాలి. హెచ్ఐవీ నివారణ మందులు వీలైతే రెండు గంటల్లోపు మొదలవ్వాలి, 72 గంటలు దాటితే లాభం లేదు. తిడతారేమోనని సాయంత్రం దాకా ఆగొద్దని అమ్మాయికి మీరే చెప్పండి.